1975 కింగ్ జార్జ్ పందెం: బరిలో దిగిన గుర్రాల ప్రదర్శన

1975 జులై 26న ఇంగ్లండ్‌లోని అస్కాట్ రేసుకోర్సులో కింగ్ జార్జ్ సిక్స్త్ అండ్ క్వీన్ ఎలిజబెత్ డైమండ్ స్టేక్స్ జరిగింది. బ్రిటిష్ గుర్రప్పందేల చరిత్రలో దీనికి 'శతాబ్దపు పందెం' అన్న పేరు స్థిరపడింది. మొత్తం 11 గుర్రాలు పరుగెత్తగా మూడేళ్ల గ్రండీ గెలిచింది. నాలుగేళ్ల బస్టీనో అర లెంగ్త్ (గుర్రం నిడివిలో సగం) తేడాతో రెండో స్థానంలో నిలిచింది. ఆ రెంటికీ ఐదు లెంగ్త్‌ల వెనక ఆడ గుర్రం డాలియా మూడోదిగా వచ్చింది. గ్రండీ తీసుకున్న సమయం 2 నిమిషాల 26.98 సెకన్లు. అస్కాట్‌లో ఆ దూరానికి అంతకుముందున్న రికార్డు కంటే ఇది రెండు సెకన్లకు పైగా తక్కువ.

ఈ పందెంలో వేగం దానంతటది పుట్టలేదు. బస్టీనో శిబిరం ముందే లెక్కవేసి, వేరే గుర్రాలను ముందు పరుగెత్తించి దాన్ని పుట్టించింది. అందువల్ల ఫలితాల పట్టికలోని స్థానాలను మాత్రమే చూస్తే ఏ గుర్రం ఏపాటి పరుగు తీసిందో బోధపడదు. ఎవరు ఎంత బరువు మోశారు, ఎవరి వయసెంత, ఎవరు ఎవరి కోసం పరుగెత్తారు అన్నవి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పందెం స్వరూపం

కింగ్ జార్జ్ 1951లో మొదలైన పందెం. అడ్డంకులు దాటే పని లేని ఫ్లాట్ రేసు ఇది. యూరప్‌లో పందేలను తరగతులుగా విభజించాక అన్నిటికంటే పైదైన గ్రూప్ వన్ స్థాయిలో దీన్ని చేర్చారు. డెర్బీ మూడేళ్ల గుర్రాలకే పరిమితం. కింగ్ జార్జ్‌లో ఆ ఏడాది డెర్బీ గెలిచిన కుర్ర గుర్రమూ, అంతకుముందు ఏళ్లలో పేరు తెచ్చుకున్న పెద్ద గుర్రాలూ ఒకే గీత మీద నిలబడతాయి. ఏ తరం గొప్పదన్న వాదన తేలేది ఇక్కడే. వజ్రాల వ్యాపార సంస్థ డి బీర్స్ ప్రాయోజకత్వం వల్ల 1975లో దీని పేరులో 'డైమండ్' చేరింది.

పందెం దూరం 12 ఫర్లాంగులు, అంటే దాదాపు 2,414 మీటర్లు. ముంబయి మహాలక్ష్మి మైదానంలో జరిగే ఇండియన్ డెర్బీ దూరం 2,400 మీటర్లు కాబట్టి మన దేశంలో పందేలు చూసేవారికి ఇది కొత్త దూరమేమీ కాదు. అయితే అస్కాట్ ట్రాక్ తీరు వేరు. కుడిచేతి వైపు తిరిగే త్రికోణాకారపు ట్రాక్ అది. గుర్రాలు మొదట పల్లంలోకి దిగుతాయి. స్విన్లీ బాటమ్ అనే అడుగు భాగం దాటాక అక్కడి నుంచి ఎగువకు లాగుతూనే ఉండాలి. చివరి మలుపు తర్వాత మిగిలే తిన్నని దారి రెండున్నర ఫర్లాంగులకు మించదు. మలుపు దగ్గర బాగా వెనకబడ్డ గుర్రం ఆ కాస్త దూరంలో, అదీ ఎక్కుడులో, అందుకోవడం కష్టం.

బరువులను వయసును బట్టి నిర్ణయిస్తారు. జాకీ, జీను, చాలకపోతే జీను కింది గుడ్డ జేబుల్లో పెట్టే సీసపు పలకలు, అన్నీ కలిపి ఆ లెక్క సరిపోవాలి. ఈ పందెంలో మూడేళ్ల గ్రండీ మీద 119 పౌండ్లు, అంటే దాదాపు 54 కిలోలు ఉంచారు. నాలుగేళ్ల బస్టీనో 133 పౌండ్లు మోసింది. అది 60 కిలోల పైమాటే. ఆడ గుర్రాలకు మూడు పౌండ్ల మినహాయింపు ఉంది కనుక డాలియా 130 పౌండ్లతో దిగింది. జులై నాటికి మూడేళ్ల గుర్రానికి ఎముక, కండ పూర్తిగా ముదరవు. ఆ లోటును పూడ్చడానికే ఈ 14 పౌండ్ల తేడా. కాగితం మీద ఇది సమన్యాయమే. ఒక్కో గుర్రం ఎదుగుదల ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, ఆ తేడా ఎవరికి కలిసొచ్చిందన్న చర్చ పందెం తర్వాత చాలాకాలం నడిచింది.

గ్రండీ

గ్రండీ లేత రంగు జూలు, తోక ఉన్న ఎర్రటి గుర్రం. తండ్రి గ్రేట్ నెఫ్యూ, తల్లి వర్డ్ ఫ్రమ్ లండీ. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు వేలంలో 11,000 గినీలకు అమ్ముడుపోయింది. దీని యజమాని ఇటలీకి చెందిన ధనికుడు కార్లో విట్టాడీని. లాంబోర్న్ దగ్గర సెవెన్ బారోస్‌లో పీటర్ వాల్విన్ శిక్షణ ఇచ్చాడు. అప్పటికి 23 ఏళ్ల ఐర్లండ్ కుర్రాడు, అంతకుముందు ఏడాదే తొలిసారి బ్రిటిష్ ఛాంపియన్ జాకీ అయిన పాట్ ఎడరీ దీని మీద స్వారీ చేశాడు.

రెండేళ్ల వయసులో గ్రండీ ఓటమి ఎరగదు. ఆ ఏడాది డ్యూహర్స్ట్ స్టేక్స్ కూడా గెలిచింది. 1975 మార్చిలో సాధనలో ఉండగా, అదే శాలలోని కార్బీ అనే గుర్రం తన్నడంతో దాని ముఖానికి గాయమైంది. సాధన కుంటుపడింది. సీజన్ మొదట్లో గ్రీనమ్ స్టేక్స్‌లో ఓడింది. మైలు పందెమైన టూ థౌజండ్ గినీస్‌లో బోల్కోన్‌స్కీ వెనక రెండోదయింది. అక్కడి నుంచి మళ్లీ పట్టు దొరికింది. ఐరిష్ టూ థౌజండ్ గినీస్, ఎప్సమ్ డెర్బీ, ఐరిష్ డెర్బీ వరసగా గెలిచింది. ఎప్సమ్‌లో రెండోదిగా వచ్చిన నోబిలియరీ మీద దాని ఆధిక్యం మూడు లెంగ్త్‌లు. దాంతో అస్కాట్‌లో 4–5 బెట్టింగ్ ధరతో ఫేవరెట్‌గా దిగింది. మైలు దూరంలోనూ పోటీకి నిలిచే వేగం, మైలున్నర సాగే దమ్ము రెండూ ఉండటం దాని బలం. అయితే అప్పటివరకు మైలున్నర పందెంలో మొదటి నుంచి చివరి దాకా ఎవరూ దాన్ని ఊపిరాడనివ్వకుండా పరుగెత్తించలేదు.

బస్టీనో

బస్టీనో తండ్రి బస్టెడ్, తల్లి షిప్ యార్డ్. యజమానురాలు లేడీ బీవర్‌బ్రూక్. గుర్రాలకు ఇంగ్లిష్‌లో ఏడు అక్షరాలొచ్చే పేర్లు పెట్టడం ఆమెకు అలవాటు. బస్టీనో, హైయెస్ట్, కింగ్లెట్, రిబోసన్, ఈ పేర్లన్నీ ఆ లెక్కకు సరిపోయేవే. వెస్ట్ ఇల్స్‌లీలో డిక్ హెర్న్ శిక్షణ ఇవ్వగా, అనుభవజ్ఞుడైన జో మెర్సర్ స్వారీ చేసేవాడు.

1974 డెర్బీలో బస్టీనో నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. దూరం పెరిగేకొద్దీ దాని సత్తా బయటపడింది. గ్రాన్ ప్రీ ద పారీలో రెండోదిగా వచ్చింది. ఆ తర్వాత గ్రేట్ వోల్టిజర్ స్టేక్స్, సెప్టెంబరులో దాదాపు పద్నాలుగున్నర ఫర్లాంగుల సెయింట్ లెజర్ గెలిచింది. ఆ లెజర్‌లో దీని కోసం ముందు పరుగెత్తి వేగం పెట్టిన రిబోసన్ తాను కూడా మూడో స్థానంలో రావడం విశేషం. 1975 జూన్‌లో ఎప్సమ్‌లో కరోనేషన్ కప్‌ను బస్టీనో కొత్త కోర్సు రికార్డుతో గెలుచుకుంది. అస్కాట్‌లో దాని ధర 4–1.

మిగతా పోటీదారులు

డాలియా అప్పటికే ఈ పందెంలో చరిత్ర సృష్టించిన గుర్రం. 1973లో మూడేళ్ల వయసులో ఆరు లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. 1974లో మళ్లీ గెలిచి, కింగ్ జార్జ్‌ను రెండుసార్లు నెగ్గిన మొదటి గుర్రమయింది. యజమాని అమెరికన్ చమురు వ్యాపారి నెల్సన్ బంకర్ హంట్, శిక్షణ ఫ్రాన్స్‌లో మారిస్ జిల్బర్ చేతుల్లో. ఆడ గుర్రాల్లో బహుమతి సొమ్ము పది లక్షల డాలర్లు దాటిన మొదటిది ఇదే. 1975 సీజన్ మొదట్లో పాత ఊపు కనిపించకపోయినా, లెస్టర్ పిగాట్ జాకీగా ఉండటంతో దాన్ని తేలిగ్గా తీసుకునే సాహసం ఎవరూ చేయలేదు.

జర్మనీ నుంచి వచ్చిన స్టార్ అపీల్ ఆ నెల మొదట్లోనే శాండౌన్‌లో ఎక్లిప్స్ స్టేక్స్ గెలిచి వచ్చింది. ఆన్ మై వే, కార్డ్ కింగ్, ఆష్‌మోర్ ఫ్రాన్స్ శాలల గుర్రాలు. డిబిడేల్ 1974లో ఐరిష్ ఓక్స్ గెలిచిన ఆడ గుర్రం. దాని పేరు చెప్పగానే అదే ఏడాది ఎప్సమ్ ఓక్స్ గుర్తొస్తుంది. ఆ పందెం మధ్యలో జీను జారి పొట్ట కిందికి పోయింది. జాకీ విల్లీ కార్సన్ జీను లేకుండానే వీపును కరుచుకుని మూడో స్థానానికి తెచ్చాడు. అయితే బరువుల గుడ్డ దారిలోనే పడిపోవడంతో తూకంలో లెక్క తగ్గింది. గుర్రాన్ని అనర్హురాలిగా ప్రకటించారు. మిగిలిన మూడింటిలో లిబ్రాస్ రిబ్ ఇంగ్లండ్ గుర్రం. హైయెస్ట్, కింగ్లెట్ రెండూ బస్టీనో యజమానురాలివే.

వ్యూహం

డిక్ హెర్న్ లెక్క సూటిగా ఉంది. పందెం నెమ్మదిగా సాగి, చివర్లో రెండు ఫర్లాంగుల దూకుడుగా మారితే గ్రండీని ఎవరూ ఆపలేరు. మైలు పందెంలో గెలిచిన వేగం దానిది. అదే మొదటి అడుగు నుంచి గట్టి వేగంతో సాగితే చివరికి మిగిలేది దమ్మే. సెయింట్ లెజర్ దూరం పరుగెత్తిన బస్టీనోది అక్కడ పైచేయి కావాలి. కాబట్టి వేగం ఎక్కడా సడలకూడదు.

ఏ గుర్రమైనా ఒంటరిగా ముందుండి అలాంటి వేగం పెడితే తానే అలిసిపోతుంది. అందుకే పేస్‌మేకర్లు. వీటి పని గెలవడం కాదు. ఓ దూరం వరకు శక్తికొద్దీ పరుగెత్తి, తర్వాత పక్కకు తప్పుకోవడం. ఒకటి అలిసేసరికి మరొకటి అందుకుంటే వేగం తగ్గదు. ఇందులో రహస్యమూ లేదు, నిబంధనలకు విరుద్ధమూ కాదు. హైయెస్ట్, కింగ్లెట్, రిబోసన్ మూడింటినీ వరసగా వాడుకుందామన్నది హెర్న్ ఆలోచన. రిబోసన్ గాయపడటంతో దానికి గండి పడింది. మూడింటిలో ఎక్కువ దూరం ఆ వేగాన్ని నిలపగలిగింది అదే. రిబోసన్ చేయాల్సిన పనిని బస్టీనో తనంతట తానే నెత్తిన వేసుకోవాల్సి వచ్చింది.

పందెం సాగిన తీరు

గేట్లు తెరుచుకోగానే హైయెస్ట్ ముందుకు దూకింది. మైలున్నర పందెంలో మామూలుగా కనిపించని వేగం అది. పల్లంలోకి దిగే ఆ దారిలో గుంపు అప్పుడే బారుగా సాగిపోయింది. బస్టీనో ముందు వరుసలోనే ఉంది. ఎడరీ గ్రండీని దానికి కొద్ది దూరంలో నిలిపాడు. బస్టీనోను కనుచూపులో ఉంచుకోవడం, దాంతో పాటు తొందరపడి శక్తి ఖర్చుచేయకపోవడం, రెంటినీ అతను సరిచూసుకోవాల్సి వచ్చింది.

హైయెస్ట్ దమ్ము అయిపోగానే కింగ్లెట్ ముందుకొచ్చింది. వేగం తగ్గలేదు. ఎగువ దారి మొదలయ్యాక కింగ్లెట్ కూడా చేతులెత్తేసింది. ఇంకా నాలుగు ఫర్లాంగుల దూరం ఉంది. మెర్సర్ ముందు రెండే దారులు. వేగం తగ్గించి ఊపిరి తీసుకుంటే గ్రండీకి కావలసిన పందెమే అవుతుంది. తగ్గించకపోతే సగం మైలు, అదీ ఎక్కుడు దారిలో, ముందు ఎవరూ లేకుండా బస్టీనో ఒంటరిగా లాగాలి. మెర్సర్ రెండో దారి పట్టాడు. గుర్రాన్ని ముందుకు వదిలాడు.

తిన్నని దారిలోకి తిరిగేసరికి బస్టీనో గ్రండీ కంటే దాదాపు నాలుగు లెంగ్త్‌ల ముందుంది. ఎడరీ అప్పటికే గ్రండీని బలంగా అదిలిస్తున్నాడు. డెర్బీలో అలవోకగా దూసుకుపోయిన గుర్రం ఇప్పుడు ఒక్కో అడుగు కష్టపడి సంపాదిస్తోంది. దూరం తగ్గుతోంది కానీ తేలిగ్గా తగ్గడం లేదు. చివరి ఫర్లాంగు స్తంభం దగ్గర గ్రండీ బస్టీనో సరసకు వచ్చి, తల ముందుకు పెట్టింది.

అలా అందుకోబడ్డ గుర్రం మామూలుగా అక్కడితో చతికిలబడుతుంది. బస్టీనో చతికిలబడలేదు. 14 పౌండ్ల అదనపు బరువుతో, సగం మైలు ఒంటరిగా లాగిన తర్వాత కూడా మళ్లీ ఎదురు తిరిగింది. కొన్ని అంగల పాటు తేడా తగ్గుతున్నట్టే కనిపించింది. విన్నింగ్ పోస్టుకు కొద్ది దూరంలో దాని బలం సన్నగిల్లింది. గ్రండీ అర లెంగ్త్ ముందు గీత దాటింది. పోస్టు దాటాక గ్రండీ ఆగిపోయినంత పని చేసింది. గెలిచిన గుర్రమే అడుగు తడబడుతూ, తూలుతూ నడిచింది.

ఫలితం

మొదటి ఐదు స్థానాలు ఇవి: 1. గ్రండీ, 2. బస్టీనో, 3. డాలియా, 4. ఆన్ మై వే, 5. కార్డ్ కింగ్. స్టార్ అపీల్ తొమ్మిదోదిగా వచ్చింది. ఆష్‌మోర్, డిబిడేల్, లిబ్రాస్ రిబ్ మొదటి ఐదింటికి వెనక ముగించాయి. పని పూర్తయిన పేస్‌మేకర్లు రెండూ వెనకే మిగిలాయి.

గ్రండీ సగటు వేగం గంటకు 59 కిలోమీటర్ల పైచిలుకు. ఒక లెంగ్త్ అంటే గుర్రం ముట్టె నుంచి తోక మొదలు దాకా ఉండే నిడివి, ఇంచుమించు రెండున్నర మీటర్లు. అంటే రెండున్నర నిమిషాల పరుగు తర్వాత గ్రండీకి, బస్టీనోకు మధ్య మిగిలిన దూరం మీటరుంబావు. డాలియా మాత్రం వాటికి పన్నెండు మీటర్ల వెనక ఉంది.

ప్రదర్శనల విశ్లేషణ

గ్రండీ గెలుపులో తక్కువ బరువు పాలు కొంత ఉందనడంలో తప్పు లేదు. అయితే ప్రత్యర్థి కోరిన పందెంలో, ప్రత్యర్థికి అనుకూలమైన వేగంలో గెలవడం దాని ఘనత. దాని దమ్ము మీద ఉన్న సందేహాన్ని తీర్చడానికి ఇంతకంటే కఠిన పరీక్ష లేదు.

బస్టీనో ఓడినా విలువ తగ్గలేదు. గుర్రాలకు అంకెల్లో విలువ కట్టే టైమ్‌ఫామ్ సంస్థ గ్రండీకి 137, బస్టీనోకు 136 ఇచ్చింది. మామూలు ఏడాదిలో ఆ రెండో అంకె కూడా ఛాంపియన్‌కు దక్కేదే. రిబోసన్ ఉండి ఇంకో రెండు ఫర్లాంగులు లాగిపెట్టి ఉంటే ఫలితం తారుమారయ్యేదని హెర్న్ శిబిరం పక్షాన వాదించేవారున్నారు. వేగం అంతసేపు సాగితే గ్రండీ కూడా బస్టీనోకు దగ్గరగానే ఉండేదన్నది ఎదుటివారి జవాబు.

డాలియా ఐదు లెంగ్త్‌ల ఓటమి కూడా వైఫల్యం కాదు. ముందున్న రెండూ ఒకదాన్నొకటి పీల్చి పిప్పి చేసుకుంటున్న పందెంలో, ఆ వేగానికి లోబడకుండా తన పద్ధతిలో పరుగెత్తి, అంతర్జాతీయ స్థాయి గుర్రాలనెన్నిటినో వెనక ఉంచింది. హైయెస్ట్, కింగ్లెట్ చివరి వరుసలో రావడాన్ని వాటి చేతకానితనంగా చూడకూడదు. రికార్డు సమయంలో మొదటి సగం వాటి చలవే.

తరవాతి పందేలు

ఈ పందెం మూల్యాన్ని మొదటి రెండు గుర్రాలూ చెల్లించాయి. ఆగస్టులో యార్క్‌లో జరిగిన బెన్సన్ అండ్ హెడ్జెస్ గోల్డ్ కప్‌లో గ్రండీ తిరుగులేని ఫేవరెట్‌గా దిగి నాలుగో స్థానానికి పడిపోయింది. గెలిచింది డాలియా. కార్డ్ కింగ్, స్టార్ అపీల్ కూడా గ్రండీ కంటే ముందే వచ్చాయి. అంటే అస్కాట్‌లో తన వెనక వచ్చిన మూడు గుర్రాల చేతిలో నాలుగు వారాలు తిరగకముందే అది ఓడింది. గ్రండీకి అదే ఆఖరి పందెం. బస్టీనోను అక్టోబరులో పారిస్‌లో జరిగే ప్రీ ద లార్క్ ద ట్రియోంఫ్ (ఆర్క్)కు సిద్ధం చేస్తుండగా కాలి స్నాయువు దెబ్బతింది. అది మళ్లీ బరిలో దిగలేదు.

ఆ ఆర్క్‌లో 119–1 ధరకు గెలిచిన గుర్రం, అస్కాట్‌లో తొమ్మిదోదిగా వచ్చిన స్టార్ అపీల్. జర్మనీలో శిక్షణ పొందిన గుర్రం ఆర్క్ గెలవడం అదే మొదలు. రెండోది ఆన్ మై వే. జులైలో నాలుగు, తొమ్మిది స్థానాల్లో వచ్చిన గుర్రాలు అక్టోబరుకల్లా యూరప్ అత్యున్నత పందెంలో ఒకటి, రెండు స్థానాలు పంచుకోవడాన్ని చూస్తే, అస్కాట్‌లో గ్రండీ, బస్టీనో ఓడించిన గుంపు ఎంత గట్టిదో తెలుస్తుంది.

సంతతి, రికార్డు

గ్రండీని నేషనల్ స్టడ్‌కు తరలించారు. దాని కూతురు బైరీమ్ 1980లో ఎప్సమ్ ఓక్స్ గెలిచింది, కొడుకు లిటిల్ వుల్ఫ్ 1983లో అస్కాట్ గోల్డ్ కప్ గెలిచింది. ఆ రెండింటికీ శిక్షణ ఇచ్చినవాడు, ఒకప్పుడు గ్రండీని ఓడించడానికి పథకం వేసిన డిక్ హెర్న్. మొత్తం మీద గ్రండీ సంతతి ఆశించినంతగా రాణించలేదు. 1983లో దాన్ని జపాన్‌కు పంపారు, 1992లో అక్కడే చనిపోయింది.

బస్టీనో శాండ్రింగామ్ సమీపంలోని వుల్ఫర్టన్ రాజ కుటుంబపు స్టడ్‌లో స్థిరపడి, 1997 వరకు బతికింది. రాణి ఎలిజబెత్ గుర్రం హైక్లియర్‌తో కలిసి దానికి పుట్టిన కూతురు హైట్ ఆఫ్ ఫ్యాషన్. ఆ కూతురు కన్న నాష్వాన్ 1989లో టూ థౌజండ్ గినీస్, డెర్బీ, ఎక్లిప్స్‌లతో పాటు, తాతకు అర లెంగ్త్‌లో చేజారిన కింగ్ జార్జ్‌ను కూడా గెలిచింది. దాని శిక్షకుడు కూడా హెర్నే.

గ్రండీ నెలకొల్పిన సమయం 35 ఏళ్లు నిలిచింది. 2010లో హార్బింజర్ 11 లెంగ్త్‌ల తేడాతో గెలుస్తూ 2 నిమిషాల 26.78 సెకన్లతో దాన్ని సెకనులో ఐదో వంతు తగ్గించింది. 2013లో నోవెలిస్ట్ 2 నిమిషాల 24.60 సెకన్లకు దించింది. ఆ మధ్యలో, 2004–06 కాలంలో అస్కాట్ ట్రాక్‌ను తవ్వి కొత్తగా వేశారు కనుక పాత, కొత్త సమయాలను పక్కపక్కన పెట్టి పోల్చడం పూర్తిగా సరికాదు. పైగా హార్బింజర్, నోవెలిస్ట్ రెండూ చివర్లో ఎదురులేకుండా గెలిచినవి. 1975లో రికార్డు సమయాన్ని ఇంచుమించు రెండు గుర్రాలు పంచుకున్నాయి. గ్రండీ పేరు వచ్చిన ప్రతిచోటా బస్టీనో పేరు కూడా రావడానికి కారణం అదే.